అగ్నిధార నందుకొన్న నేస్తం

తెలుగులో మిత్రవియోగాన్ని గూర్చిన రచన అనగానే సాహిత్యపరిచయం గలవారికి మొట్టమొదట స్ఫురించేది శ్రీశ్రీ మహాప్రస్థానానికి అంకితంగా వెలసిన గేయం. కొంపెల్ల జనార్దనరావు 1937లో నిండుయౌవనంలో కన్నుమూసినారు. మహాప్రస్థానం పుస్తకరూపం దాల్చినది 1950లో. ఆంగ్లసాహిత్యం చదివే విద్యార్థులు టెన్నిసన్ కవిని తలచుకొంటారు. ఆయన ప్రాణమిత్రుడు ఆర్థర్ హాలం 1833లో మరణించగా, ఆ దుఃఖంలోనుండి పుట్టిన దీర్ఘకావ్యం 1850లోగాని లోకానికి అందలేదు. ఈ రెండు సందర్భాలలోను మిత్రుడు ముందు వెళ్ళిపోయినాడు. కావ్యం వెనుక వచ్చినది. ఎవరికొరకు ఆ అక్షరాలు పుట్టినవో వారు వాటిని చూడలేదు.

తెలంగాణంలో ఇందుకు భిన్నమైన కథ ఒకటి జరిగినది. అక్కడ మిత్రుడు కావ్యం అచ్చు కాకముందే దానిని గుండెలో దాచుకొన్నాడు. తరువాత ఆ కావ్యం తన పేరనే అంకితమై వెలువడినది. ఆపైన పండ్రెండేండ్లకు ఆ మిత్రుడు మరణించినాడు. బ్రతికియున్న స్నేహితునికి కవి ప్రేమతో ఇచ్చిన కానుక ఆ దినాన స్మృతిచిహ్నంగా మారిపోయినది. ఆ కావ్యం అగ్నిధార. కవి దాశరథి కృష్ణమాచార్య. మిత్రుడు వట్టికోట ఆళ్వారుస్వామి.

ఈ కథకు ఒక కొస నర్సింహులపేట ప్రాంతంలో ఉన్నది. నేటి మహబూబాబాదు జిల్లాలో, ఆకేరు వాగు పారే ఈ సీమలో, నర్సింహులపేటకు ఇరుగుపొరుగున చిన్నగూడూరు అనే గ్రామం కలదు. నిజాం రాజ్యంలో ఇదంతా వరంగల్లు జిల్లాలోనిది. ఆ చిన్నగూడూరులో 1925 జూలై 22న దాశరథి కృష్ణమాచార్య జన్మించినారు. మూడేండ్ల అనంతరం, 1928 ఆగష్టు 24న, తమ్ముడు రంగాచార్య జన్మించినారు. తండ్రి వెంకటాచార్యులు సంస్కృత ద్రావిడ భాషలలో పండితులు. ఇంట దివ్యప్రబంధ పారాయణం, వెలుపల ఉర్దూ రాజభాష, పల్లెలో దొరలు దేశముఖుల ఏలుబడి, వెట్టిచాకిరి. ఈ మూడును కలిసి ఇద్దరు అన్నదమ్ములను తీర్చిదిద్దినవి. తల్లిభాషను బడిలో చదువుకొనేందుకు తావులేని రాజ్యంలో పద్యం వ్రాయటమే ఒక తిరుగుబాటుగా ఉండేది.

రెండవ కొస నల్లగొండ జిల్లాలోనిది. నకిరేకల్లు దగ్గరి మాదారం గ్రామంలో 1915 నవంబరు 1న ఆళ్వారుస్వామి జన్మించినారు. తండ్రి రామచంద్రాచార్యులు, తల్లి సింహాద్రమ్మ. ఈయనదియు వైష్ణవకుటుంబమే. కాని చిన్నగూడూరు పిల్లలకు దొరికిన పాండిత్యపు నీడ ఈయనకు దొరకలేదు. బాల్యంలోనే తండ్రి పోయినారు. ఒక ఉపాధ్యాయునికి వంట చేసిపెట్టుచు, ఆ పొయ్యి ప్రక్కన కూర్చుండియే చదువు నేర్చుకొన్నారు. చదువు చెప్పినందుకు గురుదక్షిణ ఇచ్చినవారిని గురించి మన పురాణాలలో విన్నాము. అన్నం వండిపెట్టి అక్షరాన్ని కొనుక్కున్న శిష్యులు తెలంగాణంలో ఆ దినాలలో ఈయన ఒక్కరే కారు. ఆ ఉపాధ్యాయులకును, ఆ శిష్యులకును చరిత్ర కొంత ఋణపడియున్నది.

తరువాత బ్రతుకుతెరువు ఆయనను విజయవాడకు తీసికొనిపోయినది. అక్కడ ఒక హోటలులో బల్లలకు ఫలహారాలు అందించే పని. అక్కడినుండి హైదరాబాదు. అక్కడ సురవరం ప్రతాపరెడ్డి నడుపుచున్న గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పని. 1926లో పుట్టిన ఆ పత్రిక అప్పటికి తెలంగాణపు తెలుగువారికి ఊపిరి. నిజాం రాష్ట్రంలో తెలుగుకవులు లేరన్న మాటకు బదులుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినది ఆ ప్రతాపరెడ్డియే. వంటయింటినుండి హోటలుకు, హోటలునుండి అచ్చాఫీసుకు వచ్చిన యువకుడు అక్కడ తడి అచ్చు కాగితాలమీద ఒత్తులు, దీర్ఘాలు సరిచేయుచు పుస్తకపు విలువ నేర్చుకొన్నాడు. ఇతరుల తప్పులు దిద్దే ఆ పని ఆయనకు విశ్వవిద్యాలయంగా పనికివచ్చినదని చెప్పవచ్చు.

1938లో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పరమపదించినారు. ఆ సంవత్సరమే ఆళ్వారుస్వామి సికిందరాబాదులో గ్రంథమాల నొకదానిని స్థాపించి, దానికి దేశోద్ధారక గ్రంథమాల అని పేరుపెట్టినారు. చేతిలో మూలధనం లేదు. బంధుబలగం లేదు. బిరుదులు లేవు. ఉన్నది తెలుగుపుస్తకం పల్లెకు చేరవలెనన్న పట్టుదల ఒక్కటే. పుస్తకం అచ్చువేయించుట, దానిని మూటగట్టుకొనుట, ఊరూర తిరిగి, ఇంటింటి గడప ఎక్కి అమ్ముకొనుట, వచ్చిన డబ్బుతో మరియొక పుస్తకం అచ్చుకు ఇచ్చుట. ప్రకాశకుడు, కూలి, వర్తకుడు, ప్రచారకుడు అన్నియు తానే. ఈ విధంగా ముప్పదికి పైగా గ్రంథాలు వెలువడినవి. తరువాతి కాలంలో కాళోజీ నారాయణరావు 'నా గొడవ'ను 1953లో లోకానికి అందించినది కూడ ఈ గ్రంథమాలయే.

సాహసం అనే మాటకు నేడు మనం మెచ్చుకోలు అర్థం చెప్పుకొంటున్నాము. ధర్మశాస్త్రకారులు మాత్రం ఆ మాటను నేరాల పట్టికలో చేర్చినారు. బలాత్కారంగా చేసే అపరాధానికి వారి పరిభాషలో సాహసమని పేరు. దానికి దండన కూడ విధించినారు. ఆళ్వారుస్వామి విషయంలో ఈ రెండర్థాలును ఒక్కచోటనే కుదిరినవి. కొండలు ఎక్కుట, సముద్రాలు దాటుట ఆయన చేయలేదు. పుస్తకాల మూట మోసినారు. కాని సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి కావలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రాజ్యంలో, ఖానగీ బడి పెట్టుటకుకూడ ప్రభుత్వపు దయ కావలసిన కాలంలో, పల్లెలోని పదిమందిని చెట్టుక్రింద కూర్చుండబెట్టి పుస్తకం చదివి వినిపించుట ప్రభుత్వపు దృష్టికి నేరము, ప్రజల దృష్టికి ధైర్యము. ఆ పది మందిలో అక్షరం వచ్చినవారు ఒకరో ఇద్దరో. తక్కినవారు చెవులతో చదివేవారు. సాహసమంటే గుర్రపుస్వారీయే అనుకొనే విద్యార్థి ఈ మూట బరువును ఒకసారి ఊహించుకొనవలెను.

1942లో క్విట్టిండియా ఉద్యమంలో ఆయన మొదటిమారు జైలుకు వెళ్ళినారు. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకొన్ననాడు అది విద్యావంతుల సంస్థ. 1944లో భువనగిరి సమావేశం నాటికి అది రైతుల సంస్థగా మారిపోయినది. ఆ మార్పుతోపాటు ఆళ్వారుస్వామియు నడిచి కమ్యూనిస్టు పక్షంలో చేరినారు. గుమాస్తాలను, రిక్షాకార్మికులను సంఘాలుగా కూర్చినారు. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత సంస్థానమంతట నిర్బంధం ముమ్మరమైనది. ఆ సంవత్సరమే ఆళ్వారుస్వామి మరల పట్టుబడినారు. తిరిగి బయటిగాలి పీల్చినది 1951లో. ఆ మధ్య ఆయనను ఒక జైలునుండి మరియొక జైలుకు మార్చుచు వచ్చినారు.

ఆ జైళ్ళలో ఒకటి నిజామాబాదులోనిది. ఇందూరు అని పూర్వనామంగల ఆ పట్టణపు కొండమీది కోటలో, పాతకాలపు రాతిగోడల నడుమ, రాజకీయఖైదీలను ఉంచేవారు. వరంగల్లు జైలునుండి తెచ్చిన ఖైదీలలో చిన్నగూడూరు యువకవి దాశరథి ఉన్నారు. అప్పటికి దాశరథికి ఇరువదిరెండు ఇరువదిమూడేండ్ల ప్రాయం. ఆళ్వారుస్వామికి ముప్పది దాటినవి. ఒకరు సంస్కృతాంధ్రములు, ఉర్దూ, ఆంగ్లము చదువుకొన్నవారు. మరియొకరు ప్రూఫులలో చదువుకొన్నవారు. ఒకరు పద్యంలో నిప్పులు కురిసేవారు. మరియొకరు ఆ నిప్పును సంచిలో వేసుకొని ఊరూర పంచగలవారు. ఇట్టివారిద్దరిని ఒక్క కప్పుక్రింద చేర్చిన ఘనత నిజాం ప్రభుత్వానిదే. ప్రభుత్వాలు సాహిత్యానికి చేసే ఉపకారాలు పలువిధములుగా ఉంటవి!

చెరసాలలో కాగితం లేదు, కలం లేదు. పద్యం మాత్రం ఆగలేదు. పండ్లు తోముకొనేందుకు ఇచ్చే బొగ్గు దాశరథికి కలమైనది, గోడ కాగితమైనది. తెలంగాణమును కోటి రత్నాల వీణగా భావించిన ఆ ప్రసిద్ధమైన పద్యపాదం, నేడు బడిపిల్లలనుండి వేదికలమీది వక్తలవరకు అందరి నోట నానుచున్న ఆ పాదం, ఆ గోడమీద బొగ్గుతో వెలసినదే. జైలు అధికారులు చెరిపేవారు. కవి మరల వ్రాసేవారు. గోడకు జ్ఞాపకం లేదు. సున్నం పూయగానే మరచిపోతుంది. ఆ లోటును తీర్చినది ఆళ్వారుస్వామి. కవి చెప్పిన పద్యాన్ని విని, నెమరువేసి, కంఠస్థం చేసి ఉంచుకొన్నారు.

ఈ సన్నివేశంలోని వింతను సులభంగా దాటిపోరాదు. పదేండ్లపాటు ఇతరుల రచనలు అచ్చువేయించినవాడు, కాగితమే వృత్తిగా బ్రతికినవాడు, కాగితం దొరకని చోట తానే కాగితమైనాడు. దేశోద్ధారక గ్రంథమాలలో సంఖ్య వేయని గ్రంథం ఒకటి నిజామాబాదు జైలులో ఆ విధంగా ప్రకటితమైనదని అనవచ్చు. దానికి వెల లేదు, ముఖచిత్రం లేదు, చదువరి ప్రకాశకుడొక్కడే. ప్రూఫులు దిద్దిన అలవాటు కూడ అక్కడ అక్కరకు వచ్చియుండును. ఛందోబద్ధమైన పద్యానికి ఉన్న సౌకర్యమేమనగా, యతి, ప్రాస, గణం అనే మూడు కాపలాలు దానికి ఉంటవి. ఒక మాట జారిపోతే చెవి పట్టి ఇస్తుంది. వచనం వ్రాసియుంటే ఆ గోడలలోనే సగం పోయియుండేది. పద్యం పాతబడినదని వాదించే విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ జైలుకథను ఒకమారు చెప్పిచూడవచ్చు.

ఇరువురు మిత్రులును పుట్టిన వైష్ణవసంప్రదాయంలో ఒక పురాతనగాథ ఉన్నది. పన్నిద్దరాళ్వారుల నాలుగువేల పాశురాలు కాలక్రమాన లుప్తమైపోగా, నాథముని పది పాశురాలు ఎవరో పాడగా విని, తక్కినవాటిని వెదకుచు కురుగూరుకు పోయి, మధురకవి చెప్పిన పదకొండు పాశురాల కృతిని పన్నెండువేల మార్లు జపించి, నమ్మాళ్వారును ప్రసన్నుని చేసికొని నాలుగువేలను తిరిగి సంపాదించినాడని ఆ గాథ. దివ్యప్రబంధం చదివే ఇంట పుట్టిన దాశరథికి ఇది తెలియని కథ కాదు. ఇక్కడ కథ తిరుగబడినది. పాడినవాడు చిన్నగూడూరు ఆచార్యుడు. దాచినవాడు ఆళ్వారు పేరుగలవాడు.

ఇట్టిది ప్రపంచంలో మరియొక చోట కూడ జరిగినది. స్టాలిన్ కాలపు లెనిన్‌గ్రాడులో కవయిత్రి అన్నా అఖ్మతోవా తన 'రెక్వియం' పద్యాలను చిన్న కాగితపుముక్కమీద వ్రాసి, మాటాడకుండ మిత్రురాలు లిడియా చుకోవ్‌స్కాయా చేతికి ఇచ్చేవారు. ఆమె చదివి మనస్సులో పెట్టుకొనగానే ఆ కాగితం కాల్చివేసేవారు. ఒకచోట నవాబు రాజ్యం, మరియొకచోట కార్మికరాజ్యమని పేరు; గోడలకు చెవులుండుట రెండుచోట్లను సమానమే. కమ్యూనిస్టు అయిన ఆళ్వారుస్వామికి ఈ పోలిక రుచించియుండునో లేదో గాని, ఆ మిత్రురాలు చేసిన పనిని మాత్రం ఆయన గుర్తుపట్టియుండేవారు.

1948 సెప్టెంబరు 17న నిజాం సంస్థానం భారతదేశంలో విలీనమైనది. 1949లో అగ్నిధార వెలువడినది. దానిని దాశరథి ఆళ్వారుస్వామికి అంకితమిచ్చినారు. అప్పటికి ఆ కృతిభర్త ఇంకను నిర్బంధంలోనే ఉన్నారు; రాజ్యం మారినదిగాని ఆయన పక్షంమీది నిషేధం తొలగలేదు. మన కవులు కృతులిచ్చిన ప్రభువులను తలచుకొంటే ఈ కృతిభర్త ఎంత విడ్డూరంగా కనిపిస్తాడో చూడుడు. రాజు కాడు, జమీందారు కాడు. అగ్రహారం ఇవ్వలేడు, కనకాభిషేకం చేయలేడు. తన సొంతమని చెప్పుకొనేందుకు ఒక గది కూడ లేని ఖైదీ. పోతన భాగవతాన్ని నరుల కంకితం చేయనొల్లక రామునికి సమర్పించినాడని గర్వంతో చెప్పుకొనే నేల ఇది. బమ్మెర చిన్నగూడూరుకు పొరుగుసీమలోనే ఉన్నది. ఆ నేలమీద పుట్టిన దాశరథి నరునికే కృతి ఇచ్చినారు. అయితే ఆ నరుడు ఆ కృతిని ముందే మోసియున్నాడు గనుక, ఇది దానమని అనుటకంటె, దాచిన సొమ్మును తిరిగి దాచినవాని పేర వ్రాయుట అంటే సరిపోతుంది.

జైలునుండి విడుదలయ్యాక ఆళ్వారుస్వామి తాను కూడ రచయితగా నిలిచినారు. 'జైలు లోపల' అనే కథాసంపుటిలో 'పతితుని హృదయం', 'అవకాశమిస్తే', 'మాకంటే చెడ్డోళ్లు' వంటి ఆరు కథలు ఉన్నవి. రాజకీయఖైదీలు జైలును గూర్చి వ్రాసినప్పుడు సాధారణంగా తమ త్యాగాన్ని గూర్చి వ్రాసుకొంటారు. ఈయన దృష్టి ప్రక్కగదిలోని దొంగమీద, హంతకుని మీద, ఆకలికి నేరం చేసినవానిమీద నిలిచినది. ఆ కథలలో శిల్పపు మెరుగులు తక్కువ. కాని మనిషిని నమ్మే గుణం దండిగా ఉన్నది. గోడమీది పద్యాన్ని కంఠస్థం చేసిన చెవియే తోటి ఖైదీల మాటలనుకూడ విన్నదని ఆ పుటలు చెప్పకయే చెబుతవి.

'ప్రజల మనిషి' ఆయనకు కీర్తి తెచ్చిన నవల. తెలంగాణపు జీవితాన్ని చిత్రించిన తొలి నవలగా విమర్శకులు దీనిని గౌరవిస్తారు. దిమ్మెగూడెం అనే ఊరు, అక్కడి దొర రామభూపాలరావు, అతని అన్యాయాలకు ఎదురు నిలిచే కంఠీరవం అనే యువకుడు. కంఠీరవంలో ఆళ్వారుస్వామి పోలికలు కనిపిస్తవి. నిష్పక్షపాతంగా చెప్పవలెనంటే నవలలో చర్చలు అక్కడక్కడ ఉపన్యాసాలవుతవి. కంఠీరవం మచ్చలేని మనిషిగా నడచిపోవటంవలన చదువరికి కొంత దూరమవుతాడు. రామభూపాలరావును మాత్రం రచయిత కళ్ళారా చూచి వ్రాసినాడు. దొరగారి గడి ఎదుట చెప్పులు చేతబట్టుకొని నిలిచే మనుషుల మౌనం ఎట్లుండేదో తెలియవలెనన్న నేటి విద్యార్థికి చరిత్రగ్రంథాలకంటె ఈ నవల దగ్గరిదారి. ఇది కాక తెలంగాణపు చరిత్ర సంస్కృతులనుగూర్చి పలువురిచేత వ్యాసాలు వ్రాయించి, 'తెలంగాణ' అనే పేర సంకలనాలు తెచ్చినారు. అట్టి పని ఒక సంస్థ చేయదగినది. ఆయన ఒక్కడే సంస్థ.

ఆళ్వారుస్వామి మనస్సులో పెద్ద సంకల్పమొకటి ఉండేది. తెలంగాణ పోరాటానికి పూర్వపు బ్రతుకును, పోరాటాన్ని, దాని తరువాతి కాలాన్ని వరుస నవలలలో చెప్పవలెనని. 'ప్రజల మనిషి' అందులో మొదటిది. రెండవదిగా 'గంగు' మొదలుపెట్టినారు. అది ముగియలేదు. 1961 ఫిబ్రవరి 5న, నలుబదియారవ యేట, ఆయన మరణించినారు. వ్రాసినంత మేరకు 'గంగు' 1965లో అచ్చయినది.

మిత్రుని మరణంలోని న్యాయరాహిత్యం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దాశరథి పద్యాలు గోడమీద చెరిగిపోయినా మిత్రుని నోట నిలిచినవి. ఆళ్వారుస్వామి వ్రాయదలచినది మాత్రం ఎవరి నోటను లేదు. ఎందుకనగా ఆయన దానిని ఇంకను పలుకలేదు. చెరిపినదాన్ని తిరిగి వ్రాయవచ్చు. పలుకని మాటను కంఠస్థం చేయుట ఎవరివల్లను కాదు. ఆ సంవత్సరమే దాశరథి సినిమాపాటల రచయితగా ప్రజలలోకి వచ్చినారు. 1961లో విడుదలయిన చిత్రాలలో ఆయన పాటలు గల ఒకదానిపేరు 'ఇద్దరు మిత్రులు'. గాలిబు గీతాల అనువాదంకూడ ఆ యేడే వెలువడినది. లోకం దృష్టికి కవికి అది విజయసంవత్సరం. అగ్నిధారను మోసిన మిత్రుడు మాత్రం ఆ విజయం చూచుటకు లేడు.

తెలుగుదేశంలో అసంపూర్ణకావ్యానికి మర్యాద ఒకటి ఉన్నది. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన పూరించి, దానిని నన్నయ పేరనే నిలిపినాడు. పోతన భాగవతంలో పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం సింగన, చివరి రెండును వెలిగందల నారయ వ్రాసినవారు. బాణుడు కాదంబరిని సగంలో విడిచిపోతే కుమారుడు పూర్తిచేసినాడు. మరణించినవాని పీటమీద కూర్చుండక, ప్రక్కన పీట వేసుకొని పని సాగించుట ఈ మర్యాదలోని రహస్యం. ఆళ్వారుస్వామి విషయంలో ఆ పనికి పూనుకొన్నవారు చిన్నగూడూరు ఇంటి రెండవ కుమారుడు, దాశరథి రంగాచార్య.

రంగాచార్య కూడ ఆ పోరాటంలో పాల్గొన్నవారే. ఆ తరువాత ఉద్యోగం చేసుకొంటూ బ్రతికినవారు. 'గంగు'ను అందుకొని తాను పూర్తిచేయలేదు. ఆళ్వారుస్వామి సంకల్పాన్ని మాత్రం స్వీకరించి, ఆ కాలాన్నంతటిని తన కళ్ళతో మొదటినుండి చూచి 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వ్రాసినారు. మొదటిది పోరాటానికి పూర్వపు పల్లె; రెండవది పోరాటం; మూడవది దాని తరువాతి బ్రతుకు. 'చిల్లర దేవుళ్లు' ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి బహుమతి పొందినది, చలనచిత్రంగాను వచ్చినది. భాష విషయంలో రంగాచార్య ఆళ్వారుస్వామికంటె ముందడుగు వేసినారు. మానుకోట, నర్సింహులపేట పల్లెలలో మనుషులు ఎట్లు మాటాడుకొంటారో, ఉర్దూపదాలు తెలుగు నోట ఎట్లు మలుపు తిరుగుతవో ఆయన పాత్రలు చెబుతవి. దొరను 'నీ బాంచెను' అని పిలిచే గొంతు ఆ పుటలలో వినబడుతుంది. చదువురాని పాత్రలచేత గ్రంథాలు మాటాడించిన నవలలకు అలవాటుపడిన పాఠకులకు అది మొదట కటువుగా తోచినా, తరువాత విడువరానిదైనది.

ఈ విధంగా ఒక్క మనిషి మరణానికి ఒక్క ఇంటిలోని ఇద్దరు అన్నదమ్ములు రెండువిధాల బదులు చెప్పినారు. అన్న ముందే తన తొలికావ్యపు తొలిపుట ఇచ్చియున్నాడు. తమ్ముడు మూడు నవలలు ఇచ్చినాడు. నివాళి అనగా సభ, దండ, రెండు నిమిషాల మౌనం అని అలవాటుపడిన మనకు రెండవ తీరు కొంచెం కొత్తగా ఉంటుంది. అది యేండ్ల తరబడి చేయవలసిన పని; ఒక సాయంకాలంతో ముగియదు.

దాశరథి కృష్ణమాచార్య మిత్రుని తరువాత ఇరువదియారేండ్లు జీవించినారు. 'కవితాపుష్పకం' వచ్చినది, 'తిమిరంతో సమరం' 1974లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమతి తెచ్చినది, 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఆస్థానకవి అయినారు. జైలుదినాల జ్ఞాపకాలను 'యాత్రాస్మృతి'లో వచనంగా చెప్పుకొన్నారు. 1987 నవంబరు 5న పరమపదించినారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేర పురస్కారాన్ని ఏర్పరచినది. అది ఆళ్వారుస్వామి శతజయంతి సంవత్సరం. ఆ యేడే జూన్ 8న రంగాచార్యకూడ కన్నుమూసినారు.

ప్రతియేట జూలై 22న దాశరథి జయంతినాడు వీణపద్యం చదివే పిల్లలకు ఆ పద్యం గోడమీద పుట్టినదని ఉపాధ్యాయులు చెబుతారు. గోడమీదినుండి పుస్తకంలోనికి వచ్చిన దారిలో మాదారంవాడొకడు నిలిచియున్నాడని కూడ చెప్పుట మంచిది. అగ్నిధార అచ్చులో ఏ పద్యం కవి జ్ఞాపకంనుండి వచ్చినదో, ఏది మిత్రుని జ్ఞాపకంనుండి వచ్చినదో చూపే గుర్తు ఏదియు లేదు. అన్ని పద్యాలును ఒక్క తీరుగనే ఉన్నవి.

చిన్నగూడూరు ఇంట తరతరాలుగా కంఠస్థం చేయుటే చదువు. ఆ ఇంటి రెండవ కుమారుడు వృద్ధాప్యంలో, వేలయేండ్లు నోటినుండి నోటికి వచ్చిన నాలుగు వేదాలను తెలుగువచనంలోనికి తెచ్చి అచ్చువేయించినారు. పెద్దకుమారుని పద్యాలను మాత్రం నిజామాబాదు కోటలో, ఒకప్పుడు హోటలులో ఫలహారాలు అందించిన ప్రూఫురీడరు కంఠస్థం చేసినాడు.